చిన్న బాత్రూమ్‌లో షవర్‌కి అద్దం తలుపు కావాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్ కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. అపార్ట్‌మెంట్ కట్టి పదిహేనేళ్ళు దాటింది. ఐదంతస్తుల్లో మాది నాలుగోది. బెడ్‌రూమ్‌లోని బాత్రూమ్ 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు ఉంటుంది. టైల్స్ అన్నీ తీయించి కొత్తగా చేయిద్దామనుకుంటున్నాం. ఇప్పుడు ఒక్కరు స్నానం చేసి వచ్చినా తలుపు దాకా నీళ్ళే. కమోడ్ మీదా, బేసిన్ కిందా అంతా తడి. అందుకే షవర్ దగ్గర గ్లాస్ ఎన్‌క్లోజర్ పెట్టించాలని నా కోరిక. షాపులో పక్కకి జరిపే తలుపు, బయటికి తెరిచే తలుపు, మూలకి గుండ్రంగా వచ్చేది అని మూడు రకాలు చూపించారు. జరిపే తలుపుకి 48 వేలు అవుతుందన్నారు. కర్టెన్ వేలాడదీస్తే సరిపోదా అంటున్నారు మా వారు. మా అత్తయ్యగారికి 72 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు. పీట మీద కూర్చుని బకెట్ నీళ్ళతోనే స్నానం చేస్తారు. ఇంకో బాత్రూమ్‌లో ఇండియన్ టాయిలెట్ ఉంది కాబట్టి ఆవిడా ఇదే వాడతారు. పాపకి ఆరేళ్ళు. మాకు వచ్చేవి బోరు నీళ్ళు. ఏది పెట్టించుకోమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చినవి చివరి నాలుగైదు ముక్కలు. అత్తయ్యగారి మోకాళ్ళు, ఆవిడ పీట, ఆరేళ్ళ పాప, బోరు నీళ్ళు. షాపులో ఇవేవీ అడిగి ఉండరు. అక్కడ చూపించే నమూనాలన్నీ ఒక మనిషి లోపలికెళ్ళి, నిలబడి, షవర్ కింద పది నిమిషాలు తడిసి బయటికొచ్చే లెక్కతో తయారైనవి. మన ఇళ్ళలో స్నానం అలా ఒక్కటే తీరులో ఉండదు. పొద్దున మీ వారు నిలబడి షవర్ కింద చేస్తారు. పాపకి మీరు వంగి పోస్తారు. ఆదివారం తలకి నూనె పెట్టి కుంకుడుకాయ రసంతో రుద్దడానికి ఇద్దరు మనుషులు, ఒక బకెట్, ఒక గిన్నె పట్టే చోటు కావాలి. అత్తయ్యగారు కూర్చుని చేస్తారు, రేపు ఎప్పుడైనా ఒంట్లో బాగోలేకపోతే పక్కన ఒకరు నిలబడి వీపు రుద్దాలి. ఇన్ని రకాల స్నానాలకీ ఒకే మూల సరిపోవాలి.

అందుకని ముందే చెప్పేస్తున్నాను. మీ బాత్రూమ్‌కి తలుపు ఉన్న ఎన్‌క్లోజర్ ఏదీ వద్దు. కదలకుండా బిగించే ఒకే ఒక అద్దం పలక పెట్టించండి. దాదాపు 22 అంగుళాల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు. దాని పక్కన మిగిలిన రెండడుగులూ ఖాళీగా వదిలేయండి. దాంతో మిగిలే డబ్బు నేలకి పెట్టండి, ఎందుకంటే మీ ఇంట్లో తలుపు దాకా నీళ్ళు రావడానికి అసలు కారణం అక్కడే ఉందని నా నమ్మకం.

కొలతలు ఒకసారి చూద్దాం. టైల్స్, వాటి కింద వేసే మాలు పోగా నాలుగడుగుల వెడల్పులో మీకు చేతికి దక్కేది 46 అంగుళాలు. పొడవులో 82. తలుపు 4 అడుగుల గోడలో ఉంటుందనీ, బేసిన్, కమోడ్, షవర్ మూడూ ఒకే వైపు గోడకి వరసగా ఉంటాయనీ అనుకుంటున్నాను. ఈ కొలతల బాత్రూమ్‌లు ఎక్కువగా అలాగే కడతారు. బేసిన్‌కి 18 అంగుళాలు, కమోడ్‌కి 30 అంగుళాలు ఇస్తే చివర షవర్‌కి 33, 34 అంగుళాలు మిగులుతాయి. కమోడ్ మధ్య గీత నుంచి అద్దం దాకా 15 అంగుళాలైనా ఉండాలి, లేకపోతే కూర్చున్నవాళ్ళ మోచెయ్యి అద్దానికి కొట్టుకుంటుంది. అంటే స్నానం చేసే చోటు 46 అంగుళాలు బై 33 అంగుళాలు. ఇది చిన్నదేం కాదు. దానికి తలుపు పెట్టినప్పుడే చిన్నదైపోతుంది.

జరిపే తలుపు సంగతే తీసుకోండి. 46 అంగుళాల్లో సగం ఆగిపోయే అద్దం, సగం జరిగే అద్దం. ఒకదాని మీదకి ఒకటి రావాలి కాబట్టి తెరిస్తే వచ్చే దారి 20 అంగుళాలకి అటూ ఇటూగా ఉంటుంది. అందులోంచి మీరు పక్కకి తిరిగి వెళ్ళిపోతారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళడం మాత్రం కుదరదు. పైగా కింద పట్టా ఉన్న రకమైతే ఆ గాడిలో సబ్బు జిడ్డు, వెంట్రుకలు, సున్నిపిండి పేరుకుంటాయి. మా ఇంట్లో ఆరేళ్ళ పాటు అలాంటిదే ఉండేది. ప్రతి ఆదివారం పాత టూత్‌బ్రష్ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఆ గాడి తోమేవాణ్ణి. బ్రష్ ముందుకి నెట్టినప్పుడల్లా నల్లటి బురద లాంటిది బయటికొచ్చేది, రెండు వారాలు వదిలేస్తే చక్రాలు కిర్రుమనేవి. చివరికి తీయించేశాను.

బయటికి తెరిచే తలుపు ఇంకో చిక్కు. మీ కమోడ్ గోడ నుంచి 26 అంగుళాలు ముందుకొస్తే, దానికీ ఎదుటి గోడకీ మధ్య 20 అంగుళాలే మిగులుతాయి. రెండడుగుల అద్దం తలుపు ఆ సందులో తిరగబోతే కమోడ్ అంచుకి తగులుతుంది. సరే, లోపలికి తెరిచేలా పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లోపల మనిషి జారిపడితే, ఆ మనిషే తలుపుకి అడ్డమైపోతారు. బయట ఉన్నవాళ్ళు తోసినా తెరుచుకోదు. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. అన్నట్టు, మీ బాత్రూమ్ అసలు తలుపుకి కూడా బయట నుంచి నాణెంతోనో స్క్రూడ్రైవర్‌తోనో తిప్పి తీయగలిగే గడియ పెట్టించండి, ఇప్పుడు ఎలాగూ పని జరుగుతోంది కాబట్టి.

మూలకి గుండ్రంగా వచ్చే రకం కేటలాగ్‌లో ముద్దుగా ఉంటుంది. దానికి మామూలుగా 3 అడుగులు బై 3 అడుగులు కావాలి, నడిచే దారిని అదే తినేస్తుంది. మీకు వద్దే వద్దు.

ఇక మీ వారు చెప్పిన కర్టెన్. ఆయన మాట తీసిపారేయకండి. తడిసిన కర్టెన్ ఒంటికి అంటుకుంటుంది, అడుగున నల్లగా బూజు పడుతుంది, నిజమే. అయినా చవకైనది, పీట పెట్టినప్పుడు పక్కకి లాగేయొచ్చు, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు తీసేయొచ్చు. అద్దానికి ఇప్పుడు డబ్బు సరిపోకపోతే ఒక రాడ్, ఒక కర్టెన్‌తో రెండేళ్ళు గడపడంలో తప్పేమీ లేదు. నేల మాత్రం ఇప్పుడే సరిగ్గా చేయించుకోవాలి, దాన్ని మళ్ళీ పగలగొట్టలేరు కదా.

ఒకే పలక పెడితే నీళ్ళు బయటికి రావా అని మీకు అనుమానం వస్తుంది. అది షవర్ ఎటు చూస్తుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇప్పుడు మీ షవర్ చివరి గోడకి, వెంటిలేటర్ కింద ఉందనుకుందాం. అక్కడ ఉంటే నీళ్ళు తిన్నగా తలుపు వైపే వస్తాయి. ప్లంబర్ పైపులు మార్చేటప్పుడే షవర్‌ని కమోడ్ ఉన్న గోడకి మార్పించండి. అద్దం పలక కూడా అదే గోడని ఆనుకుని మొదలవ్వాలి. అప్పుడు నీళ్ళు ఎదుటి గోడ వైపు పడతాయి, అద్దం వాటిని పక్క నుంచి ఆపుతుంది, మనిషి నడిచే దారి రెండో వైపు పొడిగా ఉంటుంది. ఇంకో మాట. మీది నాలుగో అంతస్తు. ట్యాంకు మీ నెత్తిన ఒక అంతస్తు పైనే ఉంది. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు దిగితే గానీ ఒక బార్ (నీళ్ళ ఒత్తిడి కొలత) ప్రెషర్ రాదు. బూస్టర్ పంపు లేకపోతే మీ షవర్‌లో అంత కూడా ఉండదు. అంత మెత్తగా పడే నీళ్ళు దూరం చిమ్మవు. ఆ నీళ్ళని ఆపడానికి నాలుగు వైపులా అద్దాల గది కట్టక్కర్లేదు. ఇదే కారణంతో సీలింగ్‌కి వేలాడే పెద్ద రెయిన్ షవర్ కూడా వద్దంటాను. ప్రెషర్ లేక దాంట్లోంచి నీళ్ళు సన్నగా కారతాయి. తలస్నానం ముగిసేసరికి విసుగొస్తుంది.

ఇవాళే ఒక పని చేయండి. సుద్దముక్క తీసుకుని ఇప్పుడున్న బాత్రూమ్ నేల మీద, చివరి గోడ నుంచి 33 అంగుళాలకి అడ్డంగా గీత గీయండి. ఆ గీత మీద షవర్ రాబోయే గోడ నుంచి 22 అంగుళాల దాకా ఒక అట్టముక్కనో, రెండు ఖాళీ కార్టన్‌లనో నిలబెట్టండి. అదే మీ అద్దం అనుకోండి. ఇప్పుడు అత్తయ్యగారిని పీట వేసుకుని బకెట్‌తో సహా అందులో కూర్చోమనండి. మగ్గుతో నీళ్ళు తీసి భుజం మీద పోసుకుంటున్నట్టు చెయ్యి తిప్పమనండి. మోచెయ్యి అట్టకి తగిలిందా? పీట మీద నుంచి లేవడానికి ఆవిడ చెయ్యి దేన్ని వెతుక్కుంది? చెయ్యి వెళ్ళిన ఆ చోటు గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పట్టుకునే రాడ్ అక్కడికే రావాలి. మామూలుగా నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో పెడతారు గానీ, కూర్చుని లేచే మనిషికి ఆవిడ చెయ్యి చెప్పిన కొలతే సరైనది.

ఆ రాడ్‌ని గోడకే బిగించాలి. అద్దానికి వద్దు, టవల్ రాడ్‌ని అందుకు వాడుకోవడం అసలే వద్దు. రబ్బరు కప్పుతో టైల్‌కి అతుక్కునేవి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మనిషి బరువంతా పడినప్పుడు అవి ఊడి చేతిలోకి వచ్చేస్తాయి. గోడ నాలుగంగుళాల ఇటుక గోడ అయితే టైల్స్ వేయకముందే మేస్త్రీకి చోటు చూపించి అక్కడ గట్టిగా సిమెంటు మాలు నింపించండి. పీట బదులు కుర్చీ ఎత్తులో, కాళ్ళకి రబ్బరు తొడుగులున్న స్టూల్ కొనండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి పీట మీద నుంచి లేవడమే పెద్ద శ్రమ. ఆవిడ మొదట వద్దంటారు. నాలుగు రోజులు వాడాక మీరు తీసేస్తానన్నా ఇవ్వరు.

నేల విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో 'ఒక్కరు స్నానం చేసినా తలుపు దాకా నీళ్ళే' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. షవర్ నీళ్ళు ఏడడుగుల దూరం ఎగిరిపడవు. అవి నేల మీద పారుకుంటూ వస్తున్నాయి. అంటే మీ నేలకి వాటం సరిగ్గా లేదు, లేదా ట్రాప్, అంటే నీళ్ళు బయటికి పోయే జాలీ, ఉన్న చోటు తప్పు. ఇప్పుడు మీరు లక్ష రూపాయల అద్దం పెట్టించినా, కింది సందులోంచి ఆ నీళ్ళు అలాగే వస్తాయి. షవర్ చోటులో అడుక్కి పావు అంగుళం చొప్పున వాటం ఉండాలి, అదీ నహానీ ట్రాప్ వైపు. మిగతా బాత్రూమ్‌కి అంత అక్కర్లేదు గానీ అది కూడా లోపలి వైపే వాలాలి. ట్రాప్ అద్దానికి లోపల, చివరి గోడ మూలలో ఉంటే మంచిది. టైల్స్ వేస్తున్న రోజు మీ ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండండి. మేస్త్రీ వెళ్ళిపోయే ముందు పాప ఆడుకునే గోళీ ఒకటి తెచ్చి నేల మీద నాలుగు చోట్ల వదలండి. అన్ని చోట్ల నుంచీ అది ట్రాప్ వైపు దొర్లాలి. ఒక్క చోట ఆగినా ఆ టైల్ తీసి మళ్ళీ వేయించండి. మాలు పచ్చిగా ఉన్నప్పుడు అది అరగంట పని. ఆరిపోయాక గొడవ.

షవర్ చోటుకి 2 బై 4 అడుగుల పెద్ద టైల్స్ వద్దు. పెద్ద టైల్ రెండు వైపులకి వంగదు కదా, వాటం ఇవ్వడం మేస్త్రీకి కష్టమవుతుంది. అడుగు బై అడుగు, లేదా అంతకన్నా చిన్నవి, గరుకు పైపూత ఉన్నవి తీసుకోండి. టైల్స్ మధ్య గీతలు ఎక్కువ ఉంటే కాలికి పట్టు కూడా ఎక్కువ. షాపులో టైల్ పొడిగా ఉన్నప్పుడు వేలితో రాసి చూస్తే ఏమీ తెలియదు. నీళ్ళు చల్లి, రెండు చుక్కల షాంపూ వేసి, చెప్పులు విడిచి కాలితో తొక్కి చూడండి. మీ ఇంట్లో నూనె తలలు, కుంకుడు రసం ఉంటాయి కదా, దానికి నిలబడే టైల్ కావాలి.

షవర్‌కీ మిగతా నేలకీ మధ్య గట్టు కట్టడం మేస్త్రీలకి అలవాటు. మూడంగుళాల గట్టు నీళ్ళని బాగానే ఆపుతుంది, అత్తయ్యగారి కాలిని కూడా ఆపుతుంది. ఆవిడ కోసం గట్టు లేకుండా, షవర్ నేలని అర అంగుళం కిందికి దించి, అంచుని ఏటవాలుగా చేయించండి. మీరు టైల్స్ అన్నీ పీకిస్తున్నారు కాబట్టి ఇది కుదురుతుంది. స్లాబ్ దించి కట్టిన బాత్రూమ్ అయితే ఇంకా సులువు. ఒకవేళ కుదరకపోతే అంగుళానికి మించని గ్రానైట్ పట్టీ, అంచులు గుండ్రంగా అరగదీసినది వేయించి, అది నేల రంగులో కాకుండా వేరే రంగులో ఉండేలా చూడండి. చూపు మందగించినవాళ్ళకి గట్టు కనపడాలి.

వాటర్‌ప్రూఫింగ్ గురించి రెండు మాటలే చెబుతాను, కానీ దయచేసి వదిలేయకండి. పాత టైల్స్ పీకినప్పుడు కింద ఉన్న పాత పూత కూడా చెదిరిపోతుంది. కొత్త పూత నేలంతా వేయించి, గోడల మీదకి కనీసం అడుగు ఎత్తు, షవర్ గోడలకి ఆరడుగుల దాకా తీసుకెళ్ళమనండి. ఆరాక ట్రాప్ నోరు మూసి, నేల మీద రెండంగుళాల నీళ్ళు నింపి 48 గంటలు వదిలేయండి. కింది ఫ్లాట్ వాళ్ళకి ముందే చెప్పి, రెండు రోజుల తర్వాత వాళ్ళ బాత్రూమ్ సీలింగ్ చూసిరండి. ఆ రెండు రోజులు ఆగలేక హడావుడి చేసే కాంట్రాక్టర్ మాట వినకండి.

ఇప్పుడు అద్దం. గట్టిపరిచిన అద్దమే తీసుకోవాలి, టఫెన్డ్ గ్లాస్ అని అడగండి. మామూలు అద్దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, గాలి ఊది ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో అది మామూలు అద్దం కన్నా నాలుగైదు రెట్లు బలంగా అవుతుంది. పగిలినా కత్తుల్లాంటి పెద్ద ముక్కలు కాకుండా శనగగింజలంత చిన్న ముక్కలవుతుంది. మూలన చెరగని ముద్ర ఉంటుంది, అందులో ఐఎస్ 2553 అన్న నంబరు, ఐఎస్ఐ గుర్తు చూడండి. పొలరాయిడ్ చలువ కళ్ళజోడు ఉంటే పెట్టుకుని వెలుతుర్లో అద్దాన్ని ఏటవాలుగా చూడండి. గట్టిపరిచిన అద్దమైతే లోపల మసక చారలో, మచ్చలో కనపడతాయి. మీకు 8 మిల్లీమీటర్ల మందం చాలు. 22 అంగుళాల పలక ఆ మందంలోనే 22 కిలోల పైన తూగుతుంది. 10 మిల్లీమీటర్లది ఇంకో ఐదున్నర కిలోలు ఎక్కువ. ఒక్క పలకకి అంత అక్కర్లేదు. పైన గోడ నుంచి గోడకి ఒక స్టీలు రాడ్ వేసి దానికి అద్దాన్ని పట్టిస్తే ఊగదు.

ఈ అద్దానికి ఒక బలహీనత ఉంది. మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది, అంచు మీద చిన్న దెబ్బ తగిలితే మొత్తం రాలిపోతుంది. ఒకసారి మా బంధువుల ఇంట్లో పనివాళ్ళు అద్దాన్ని తెచ్చి టైల్ నేల మీద నేరుగా నిలబెట్టారు. మూల చిన్న ముక్క లేచింది. 'ఛానెల్‌లోకి పోతుంది, కనపడదులెండి' అని బిగించి వెళ్ళిపోయారు. నాలుగు నెలలకి ఒక రాత్రి రెండు గంటలప్పుడు, బాత్రూమ్‌లో ఎవరూ లేనప్పుడు, తుపాకీ పేలినట్టు మోత. లైటు వేసి చూస్తే నేలంతా అద్దం రవ్వలు, కొన్ని బకెట్ నీళ్ళలో, కొన్ని పిల్లల టూత్‌బ్రష్‌ల మధ్య. పొద్దున ఎవరైనా లోపల ఉండి ఉంటే అన్న తలపుకే ఆ ఇల్లాలు వారం రోజులు నిద్రపోలేదు. కాబట్టి అద్దం ఇంటికొచ్చినప్పుడు కింద చెక్కలో, మందపాటి అట్టలో వేయించి దాని మీదే నిలబెట్టమనండి. నాలుగు అంచుల మీదా వేలితో మెల్లగా రాసి చూడండి. ఎక్కడ గీరుకున్నా వెనక్కి పంపేయండి. ఇనుము, టైల్ అద్దానికి నేరుగా తగలకూడదు, మధ్యలో రబ్బరు ఉండాలి.

ఏ దెబ్బా తగలకుండా కూడా ఎప్పుడో ఒకటి అరా పగులుతాయి. తయారీలో నికెల్ సల్ఫైడ్ అనే చిన్న రేణువు అద్దంలో చిక్కుకుపోతే, అది నెలల తరబడి మెల్లగా ఉబ్బి ఒకరోజు అద్దాన్ని బద్దలు కొడుతుంది. అలాంటివి ముందే పగిలిపోవడానికి కొందరు అద్దాన్ని మళ్ళీ కొన్ని గంటలు వేడిలో ఉంచుతారు. దాన్ని హీట్ సోక్ టెస్ట్ అంటారు. అది చేసిన అద్దం దొరికితే కొంచెం ఎక్కువైనా తీసుకోండి. దొరకకపోతే బయటి వైపు పారదర్శకమైన సేఫ్టీ ఫిల్మ్ అతికించండి. పగిలినా ముక్కలు చాలావరకు దానికే అంటుకుని ఉంటాయి. ఆరేళ్ళ పాప ఉన్న ఇంట్లో ఆ ఖర్చు పెట్టాలనే నేనంటాను.

ఇంకో ముఖ్యమైన సంగతి, గట్టిపరిచాక ఆ అద్దాన్ని కోయడానికీ, బెజ్జం వేయడానికీ వీల్లేదు. కొలత అర అంగుళం తప్పితే పలక మొత్తం పోయినట్టే. అందుకే టైల్స్ వేయకముందు ఎవరికీ కొలతలు ఇవ్వకండి. పాత అపార్ట్‌మెంట్లలో గోడలు తూకానికి ఉండవు. అద్దం ఆనుకునే గోడ పక్కన తూకం గుండు వేలాడదీసి, కింద, మధ్య, పైన ఎంత తేడా వస్తుందో షాపు మనిషి చేత కొలిపించి కాగితం మీద రాయించుకోండి. గోడకి బెజ్జాలు వేసే ముందు లోపల పైపు ఎక్కడుందో చూపించాలి. దానికి సులువైన దారి, టైల్స్ వేయకముందు గోడ పక్కన టేప్ పరిచి ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసి పెట్టుకోవడం.

క్లాంపులు, రాడ్లు 304 గ్రేడు స్టీలువి అడగండి. బిల్లు మీద ఆ అంకె రాయించుకోండి. షాపులో అయస్కాంతం పెట్టి 'చూడండి, అంటుకోవట్లేదు' అని చూపిస్తారు. 202 గ్రేడు కూడా అయస్కాంతానికి అంటుకోదు, అది మాత్రం బోరు నీళ్ళకి త్వరగా తుప్పు మచ్చలేస్తుంది. నల్ల రంగు ఫిట్టింగులు ఈ మధ్య అందరూ ఇష్టపడుతున్నారు. మీ నీళ్ళకి వాటి మీద తెల్ల చుక్కలు కొట్టొచ్చినట్టు కనపడతాయి.

బోరు నీళ్ళలోని సున్నం అద్దం మీద ఆరితే మరకలు పడతాయి. ఏ కోటింగ్ వేయించినా ఇది పూర్తిగా తప్పదు. స్నానం అయ్యాక రబ్బరు వైపర్‌తో పై నుంచి కిందికి ఒకసారి లాగితే చాలు, పావు నిమిషం పని. ఒకే పలక కదా, నాలుగు వైపులా తుడవక్కర్లేదు. వైపర్‌ని అద్దానికే వేలాడదీయండి, వేరే చోట ఉంటే ఎవరూ తీయరు. వారానికోసారి వెనిగర్‌లో సమానంగా నీళ్ళు కలిపి స్ప్రే చేసి, పది నిమిషాలాగి కడగండి. గ్రానైట్ పట్టీ ఉంటే దాని మీద మాత్రం పడనివ్వకండి. బాత్రూమ్ కడిగే యాసిడ్ అద్దం దగ్గరికి రాకూడదు. క్లాంపుల మెరుగు పోతుంది, టైల్స్ మధ్య నింపిన గ్రౌట్ తినేస్తుంది. కడగడానికి వచ్చే ఆవిడకి ఇంకో మాట గట్టిగా చెప్పండి. యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన చిన్న గదిలో అది ప్రాణాల మీదకి తెస్తుంది.

అద్దాన్ని సీలింగ్ దాకా తీసుకెళ్దామని ఎవరైనా అంటే వద్దనండి. ఆరున్నర అడుగులు చాలు. ఆవిరి పోవాలి, వెంటిలేటర్‌లోని ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి గాలి అందాలి. మీ గీజర్ షవర్ పైన ఉందనుకుంటా. బోరు నీళ్ళకి దాని కాయిల్‌కి సున్నం పట్టి తరచూ విప్పాల్సి వస్తుంది. మెకానిక్ స్టూల్ వేసుకుని ఎక్కి పాతిక లీటర్ల గీజర్‌ని కిందికి దించాలంటే చోటు కావాలి కదా. ఒకవేళ మీది గ్యాస్ గీజర్ అయితే ఈ మరమ్మతులోనే దాన్ని బాత్రూమ్ బయటికి, బాల్కనీలోకి మార్పించండి. అది గదిలోని గాలిని వాడుకుని, వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ వదలగలదు. ఆ ఒక్క విషయంలో సర్దుబాటు వద్దు.

అద్దం ఆర్డర్ ఇవ్వడానికి మాత్రం తొందరపడకండి. టైల్స్, షవర్, రాడ్ అన్నీ అయిపోయాక అద్దం లేకుండానే ఒక వారం అందరూ స్నానాలు చేయండి. ప్రతి స్నానం తర్వాత నీళ్ళు ఎక్కడిదాకా చిమ్మాయో షవర్ గోడ నుంచి కొలిచి, పెన్సిల్‌తో టైల్ మీద గీత పెట్టండి. మీ వారిదో గీత, మీదో గీత, పాపకి పోసినప్పుడు ఒకటి, అత్తయ్యగారు స్టూల్ మీద చేసినప్పుడు ఒకటి. నేను 22 అంగుళాలు అన్నాను గానీ, మీ గీతలు 20 దగ్గరే ఆగితే 20కే ఆర్డర్ ఇవ్వండి. అత్తయ్యగారికి దారి ఇంకో రెండంగుళాలు పెరుగుతుంది.